ముళ్లకంచె మీది తేయాకు

వెథర్లీ గ్రామం, ఎసెక్స్
1817 మే 9

చెల్లి థిర్జాకు,

నీ ఉత్తరం శనివారం అందింది. అమ్మ నాచేత మూడుసార్లు చదివించుకుంది. లండన్‌లో తేయాకు కొట్టులో పనంటే ఆవిడ లెక్కలో నువ్వు మహారాణి పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నట్టే. చర్చి గుమ్మంలో ఎవరు కనబడినా ఆపి, "మా చిన్నది ఇత్తడి తక్కెడలో తేయాకు తూస్తుంది తల్లీ" అని చెప్పి గానీ వదలడం లేదు. మార్చిలో వచ్చిన జ్వరం మాత్రం ఆవిడని బాగా నీరసపెట్టింది. టోపీలకి గడ్డి జడలు అల్లుతూనే గంటకోసారి నడుం వాలుస్తోంది.

ఇక్కడ ఒక విచిత్రం జరుగుతోంది. పర్స్‌లో అనేవాడు వారానికోసారి బండి తోలుకొచ్చి, పొలాల చుట్టూ కంచెగా పెంచిన ముళ్లపొదల ఆకు కొంటున్నాడు. పౌను బరువుకి రెండు పెన్నీలు! మేకలు కూడా మూతి తిప్పుకునే ఆకుకి! పక్కింటి మెర్సీ టబ్ మొదటిరోజే అడిగేసింది.

"ఏమయ్యా, ఇంటి దగ్గర నీ పెళ్లాం నీకు గడ్డి పెడుతోందా ఏంటి?"

"అద్దకం వాళ్లకమ్మా. ఉడికించి నల్లరంగు తీస్తారు" అన్నాడు వాడు నవ్వుతూ.

ఊళ్లో ఆడవాళ్లందరం ఇప్పుడు కంచెల మీదే ఉన్నాం. చేతులు గీరుకుపోయాయిగానీ, రోజంతా గడ్డి అల్లితే వచ్చేది పొద్దున పూటే వస్తోంది. నీ కొట్టు ఎలా ఉంటుందో ఈసారి వివరంగా రాయి. అమ్మకి చెప్పుకోవడానికి కొత్త సంగతులు కావాలట.

మీ అక్క
డోర్కాస్


వైట్‌చాపెల్, లండన్
మే 24

అక్కా,

మీరిద్దరూ కులాసా అని తలుస్తాను. కొట్టు బాగానే ఉంది. గోడ పొడుగునా డబ్బాలు, వాటిమీద బంగారు అక్షరాలు. గొప్పింటి ఆడవాళ్లు వస్తారు, చేతిలో పోసుకుని వాసన చూసి కొంటారు. మా హాకిట్ దొర వాళ్ల కోసం తలుపు తానే తీస్తాడు. అమ్మకి ఈ మాత్రం చెప్పు, చాలు.

అక్కా, ఆ పర్స్‌లోకి ఎడమచేతికి రెండు వేళ్లు లేవా? బండికి బూడిదరంగు గుర్రమా? ఊరికే అడుగుతున్నాను.

ఆ ఆకు పని మానేయండి. ముళ్లు గుచ్చుకుంటే చీము పడుతుంది. పాత పనే నయం కదా. మెర్సీకి, మిగతావాళ్లకి కూడా మానేయమని చెప్పు. కారణం అడగకు. నా మాట విను, చాలు.

నీ చెల్లెలు
థిర్జా


వెథర్లీ
జూన్ 20

థిర్జా,

వాడికి రెండు వేళ్లు లేవు. గుర్రం బూడిదరంగే. ఈ రెండూ నేను నీకు రాయలేదు. నీకెలా తెలుసు?

కారణం చెప్పకుండా పని మానేయమంటావు. గొప్పింటి వాళ్లకి తేయాకు తూసేదానివి, నీకేం! ఇక్కడ అమ్మకి మాంసం పులుసు కాచి పోస్తున్నది ఆ ఆకే. నీ ఉత్తరంలో ఆ ముక్క నేను అమ్మకి చదివి వినిపించలేదు.

ఇంకో సంగతి. కోపంగా ఉన్నా చెప్పకుండా ఉండలేను. పోయిన గురువారం ఆకు డబ్బులతో బార్నెట్ చిల్లరకొట్లో చిన్న పొట్లం పచ్చ తేయాకు కొన్నాను. లండన్ నుంచి వచ్చిన మేలురకం అన్నాడు. అమ్మ జన్మలో పచ్చ తేయాకు రుచి చూడలేదు కదా! కప్పు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వాసన చూస్తూ కూర్చుంది.

"తాగమ్మా, చల్లారిపోతుంది."

"ఉండవే. ఇది మన థిర్జా చేతిమీదుగా వచ్చిందేమో, ఎవరు చూశారు?"

"లండన్‌లో వెయ్యి కొట్లున్నాయమ్మా."

"ఉంటే ఉండనీ. నేను మాత్రం అలా అనుకునే తాగుతా" అంది.

కాస్త చేదుగా ఉందన్నదిగానీ అడుగంటా తాగింది. రోజుకి రెండు కప్పులు ఇస్తున్నాను. నీళ్లు ఎంతసేపు మరగాలో నీకు తెలిసే ఉంటుంది, రాయి.

డోర్కాస్


వైట్‌చాపెల్
జూన్ 26

అక్కా,

ఆ తేయాకు పారబోయి. ఈ ఉత్తరం చేతికి రాగానే పారబోయి. అమ్మకి ఇంక ఒక్క గుక్క కూడా పట్టకు. పచ్చ తేయాకు పెద్దవాళ్లకి, జ్వరం పడి లేచినవాళ్లకి వేడి చేస్తుంది. ఇక్కడి వైద్యులు అదే అంటారు. బార్లీ కాచి ఇవ్వు, పాలు ఇవ్వు.

నీకు దణ్ణం పెడతాను, పారబోయి.

థిర్జా


వెథర్లీ
జూలై 6

థిర్జా,

అమ్మకి బాగాలేదు. పదిరోజులుగా కడుపులో మెలితిప్పే నొప్పి. మొన్నటినుంచి వాంతులు. అవి పచ్చగా ఉన్నాయి. నోట్లో పెన్నీ నాణెం పెట్టుకున్నట్టుందే అంటుంది మాటిమాటికీ. వైద్యుడు జలగలు పట్టించి పోయాడు. కాళ్లు చల్లబడుతున్నాయి.

నీ ఉత్తరం వచ్చాక కూడా నేను తేయాకు పారబోయలేదు. ఒక్క పొట్లానికి నాలుగు రోజులు ముళ్లలో చేతులు పెట్టాను. వేడి చేస్తుందని పారబోయమంటే ఎవరు పారబోస్తారు? అమ్మ అడుగుతోంది, నేనిచ్చాను. నిన్న సాయంత్రం మాత్రం ఎందుకో భయమేసి ఆపేశాను.

నీకు తెలిసింది ఏదో ఉంది. అది ఇప్పుడు రాయి. వైద్యుడికి చెప్పాలి.

డోర్కాస్


వైట్‌చాపెల్
జూలై 9

అక్కా,

దీన్ని తపాలా బండి కాపలావాడి చేతిలోనే పెట్టి పంపుతున్నాను. ముందు వైద్యుడికి చెప్పవలసింది: అందులో ఉన్నది రాగి చిలుము. వాడకుండా మూల పడేసిన రాగి గిన్నెకి పచ్చగా పడుతుందే, అదే. పాలు, గుడ్ల తెల్లసొన పట్టమనండి. ఎంత పట్టగలిగితే అంత.

ఇప్పుడు మిగతాది. నేను కొట్లో పనిచెయ్యడం లేదు. ఇత్తడి తక్కెడ నేనెప్పుడూ ముట్టుకోలేదు. హాకిట్ కొట్టు వెనక సందులో పాత గుర్రాలశాల ఉంది. దాని అటక మీద ఆరుగురం ఆడవాళ్లం పనిచేస్తాం. బస్తాల్లో ఆకు వస్తుంది. దాన్ని ఉడకబెడతాం, పిండుతాం, పొయ్యిమీద రాగి రేకులు పరిచి వాటిమీద ఆకుని అరచేతులతో నలిపి చుట్టలు చుట్టేలా చేస్తాం. పచ్చ తేయాకు కావాలంటే చిలుము పొడి, పసుపురంగు మట్టి చల్లి మళ్లీ రుద్దుతాం. అసలు తేయాకు అందులో పిడికెడు కలుస్తుంది, వాసన కోసం. నా చేతులు మణికట్టు దాకా పచ్చబడ్డాయి. ఆదివారం చర్చికి గ్లవ్స్ లేకుండా వెళ్లలేను. దొరసాని తాగే తేయాకు వేరు. అది తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. మేం చేసింది వాళ్లింట్లో ఎవరూ నోట పెట్టరు.

బస్తాలు తెచ్చేది రెండు వేళ్లు లేని పర్స్‌లో. ఏ ఊళ్ల నుంచి తెస్తాడో వాడు చెప్పడు, మేం అడగం. నీ మొదటి ఉత్తరం చదివినరోజు మూల ఉన్న బస్తాలన్నీ లెక్కపెట్టాను. అప్పటికే నేను రుద్దినవాటిలో ఎన్ని బస్తాలు నువ్వు కోసినవో!

నిజం ఎందుకు రాయలేదని అడుగుతావు. అమ్మ చర్చి దగ్గర అందరికీ చెప్పుకుంటోంది కదా అనుకున్నాను. మొదటివారం సిగ్గేసి అబద్ధం రాశాను. తరవాత ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఇంకోటి. నువ్వు పొట్లం కొన్నానని రాసినప్పుడైనా చెప్పి ఉండాల్సింది. వేడి చేస్తుందని రాశాను. వేడి!

అమ్మకి ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. నడిచైనా వస్తాను.

థిర్జా


వెథర్లీ
జూలై 13

థిర్జా,

అమ్మ మంగళవారం మధ్యాహ్నం పోయింది. నీ ఉత్తరం గురువారం వచ్చింది. అమ్మని ఇంకా ఇంట్లోనే పడుకోబెట్టి ఉంచాం. నేను పక్కన కూర్చుని చదివాను.

పాలు పట్టమన్నావు.

శుక్రవారం నాన్న పక్కన పూడ్చారు. రావద్దు. ఇప్పుడు నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలియదు.

డోర్కాస్


సదర్క్, లండన్
ఆగస్టు 3

అక్కా,

నువ్వు జవాబు రాయకపోయినా నేను రాస్తాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు హాకిట్ దగ్గరికి వెళ్లి, మా అమ్మ పోయిందని చెప్పాను. అయ్యో పాపం అన్నాడు. ఎలా పోయిందో కూడా చెప్పాను. అప్పుడు తలుపు మూశాడు.

"చూడు పిల్లా, లండన్‌లో సగంమంది తాగేది ఇదే. అందరూ చస్తున్నారా? మీ అమ్మకి ముందే జ్వరమన్నావు."

"జ్వరం తగ్గింది దొరా. కడుపులో చిలుము పడింది."

"చిలుము! నాజూకు మాటలు నేర్చావే. మరి రుద్దిందెవరు? నేనా? నా చేతులు చూడు" అని తెల్లటి చేతులు నా మొహం ముందు చాపాడు. "ఇప్పుడు నీవి చూపించు."

చేతులు వెనక్కి దాచుకున్నాను. కోపం కాదక్కా, దిమ్మెరపోయాను. వాడన్నది నిజం కదా.

అయినా పని వదిలే ముందు మూడు పొట్లాలు కట్టుకున్నాను. ఒకటి పచ్చి ఆకు, ఒకటి సగం చేసింది, ఒకటి పూర్తయింది. తిన్నగా సుంకం ఆఫీసుకి తీసుకెళ్లాను. అక్కడి అధికారి వాటిని బల్లమీద పోసి, అద్దంతో చూసి, నా చేతులు కూడా చూశాడు. వారంలో అటక మీద సోదా చేసి అన్నీ పట్టుకున్నారు. అయితే అది మందు తయారీకి తెచ్చిన ఆకు, అమ్మకానికి కాదు అంటున్నాడు హాకిట్. బండివాడు పర్స్‌లో పారిపోయాడు. అక్కడ పనిచేసినదాని మాట ఒక్కటే చాలదట. ఆకు కంచెల మీది నుంచి వచ్చిందని, కోసినవాళ్లలో ఒకరైనా వచ్చి చెప్పాలట.

నిన్ను రమ్మని అడిగే హక్కు నాకు లేదు. అడగడం లేదు. సంగతి చెబుతున్నాను, అంతే. ఇప్పుడు ఒక చాకలిశాలలో బట్టలు ఉతుకుతున్నాను. ఎంత ఉతికినా చేతుల పచ్చదనం పూర్తిగా పోలేదు.

థిర్జా


వెథర్లీ
సెప్టెంబరు 1

థిర్జా,

నీ ఉత్తరం తీసుకుని పదకొండుమంది ఆడవాళ్లని మన ఇంటికి పిలిచాను. ఆకు ఎక్కడికి పోయిందో, ఏమయిందో, అమ్మ ఎలా పోయిందో అంతా చెప్పాను. ఏడుస్తారనుకున్నాను. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని కూర్చున్నారు. చివరికి మెర్సీ టబ్ నోరు విప్పింది.

"మాకు తెలియదనుకున్నావా డోర్కాస్?"

"ఏం తెలుసు?"

"అద్దకం వాళ్లకి ఆకు లేతగా ఉండాలా, పండుటాకు పనికిరాదా, తడి తగలకూడదా? వాడు ఏరుకున్న తీరు చూస్తే పసిపిల్లకైనా తెలుస్తుంది, అది కడుపులోకి పోయేదని. లండన్ వాళ్లు తాగుతారులే అనుకున్నాం. వాళ్లు మనకేం పెట్టారు గనక?"

"అయితే మా అమ్మకి ఆ కప్పు ఇస్తుంటే, నువ్వు పక్కనే కూర్చుని చూశావు కదే!"

మెర్సీ తల దించేసుకుంది. "బార్నెట్ కొట్టుకి కూడా వస్తుందనుకోలేదే" అంది. తరవాత భోరుమంది.

ఆవిడ మీదకి అరుద్దామని లేచాను. అరవలేకపోయాను. ఎందుకో నీకు చెప్పాలి. ఇది ఇంకెవరికీ చెప్పలేదు.

మే నెలాఖరున బండివాడు పర్స్‌లో ఖాళీ బస్తాలు తిరిగి ఇచ్చాడు. ఒకదాని కుట్టులో నలిగి చుట్టుకుపోయిన ఆకు చిటికెడు దొరికింది, పచ్చగా. వేడినీళ్లలో వేశాను. రంగు దిగింది. వాసన చూశాను. అప్పుడే తెలిసింది నాకు, ఏం కోస్తున్నానో. చిలుము సంగతి తెలియదు, దేవుడి సాక్షిగా తెలియదు. కానీ అది తేయాకు కాదని, తేయాకని అమ్ముతారని తెలుసు. ఆ నీళ్లు పారబోసి మర్నాడు మళ్లీ కంచె దగ్గరికి వెళ్లాను.

బార్నెట్ దగ్గర పొట్లం కొన్నప్పుడు ఇది నిజమైనదే అయి ఉంటుంది అనుకున్నాను. ఆ మోసమంతా ఎక్కడో దూరంగా, మనకి మొహం తెలియనివాళ్ల కప్పుల్లో పడుతుందనుకున్నాను. నువ్వు పారబోయమని రాసిన ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఎందుకు పారబోయమన్నావో సగం అర్థమైంది. పారబోస్తే నాకు ముందే తెలుసని ఒప్పుకున్నట్టవుతుంది. అమ్మ ఎందుకని అడిగితే ఏం చెప్పను? అందుకని ఇంకో ఎనిమిది రోజులు ఇచ్చాను. నా చేత్తో కలిపి ఇచ్చాను థిర్జా.

నిన్ను రావద్దని రాసింది నీ మీద కోపంతో కాదు. నీ ఎదురుగా నిలబడలేక.

కోర్టు ఎప్పుడో రాయి. వస్తాను.

డోర్కాస్


సదర్క్
సెప్టెంబరు 10

అక్కా,

చదివాను. రెండురోజులు ఉత్తరాన్ని జేబులోనే పెట్టుకు తిరిగాను. నీ మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. కోపం మొదలవగానే నా "వేడి చేస్తుంది" గుర్తొస్తుంది. అక్కడే ఆగిపోతుంది.

మనిద్దరిలో ఒక్కరు నోరు తెరిచినా అమ్మ బతికేది. ఈ మాట ఒక్కసారే రాస్తున్నాను. ఇంక రాయను.

కోర్టు నవంబరు 11న. బండి ఆగే సత్రం దగ్గర ఉంటాను. ఉన్ని శాలువా తెచ్చుకో, ఇక్కడ పొగమంచు ఎముకల్లోకి దిగుతుంది.

థిర్జా


వెథర్లీ
నవంబరు 16

చెల్లీ,

క్షేమంగా చేరాను. కోర్టులో నీ సాక్ష్యం అవగానే నిన్ను బయటికి పంపేశారు. నేను బయటికొచ్చేసరికి బండి కదలబోతోంది. నిన్ను గట్టిగా పట్టుకోవడానికే సరిపోయింది తప్ప, లోపల జరిగింది చెప్పడానికి వీలు కాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

సర్కారు లాయరు నన్ను చాలా మర్యాదగానే అడిగాడు. ఏ పొద ఆకు, ఎవరు కొన్నారు, ఎన్ని బస్తాలు. అన్నీ చెప్పాను. తేయాకుకి రాజుగారికి సుంకం కట్టాలట. హాకిట్ కంచె ఆకుని తేయాకని అమ్మి ఆ సుంకం ఎగ్గొట్టాడట. నేరం అదీ. కాసేపటిదాకా నాకు బోధపడలేదు. ఇది ముందు మాటలు, అమ్మ సంగతి తరవాత అడుగుతారు కాబోలని నిలబడి ఉన్నాను. లాయరు "చాలమ్మా, దిగు" అన్నాడు.

నేను దిగలేదు.

"అయ్యా, ఆ తేయాకు తాగి మా అమ్మ చచ్చిపోయింది" అన్నాను.

జడ్జిగారు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. కోపంగా కాదు, జాలిగానే అన్నారు.

"అమ్మాయీ, నీకు కష్టం కలిగింది, విచారమే. అయితే ఈ కేసులో ఆ విషయం లేదు."

"మరి ఏ కేసులో ఉందయ్యా?"

ఆయన ముందున్న కాగితాలు తిప్పడం మొదలుపెట్టారు. కింద బల్ల దగ్గర గుమాస్తా అప్పటిదాకా నేనన్న ప్రతి మాటా రాస్తూనే ఉన్నాడు, బస్తాల సంఖ్యతో సహా. అమ్మ మాట ఎత్తగానే కలం పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు, నేను ఎప్పుడు ఆపుతానా అని. నేను అమ్మ పేరు చెప్పాను. మళ్లీ చెప్పాను. కలం కాగితం మీదకి దిగలేదు. సిరా బొట్టు మాత్రం ఒకటి పడింది. దాన్ని అద్దుడు కాగితంతో తుడిచేశాడు.

హాకిట్‌కి జరిమానా వేశారు. పెద్ద మొత్తమే. జైలు లేదు. వాడు తోలు గ్లవ్స్ తొడుక్కుంటూ, "వాన పడేలా ఉందే" అని లాయరుతో అంటూ నా భుజం రాసుకుంటూ వెళ్లాడు.

ఊళ్లో కంచెల దగ్గరికి ఇప్పుడు ఎవరూ వెళ్లడం లేదు. బార్నెట్ తన దగ్గరున్న పచ్చ తేయాకంతా వాగులో కలిపి, మన గుమ్మంలోకి వచ్చి ఏడ్చి వెళ్లాడు. వాడికి నిజంగానే తెలియదు. మెర్సీ పొద్దున్నే ఏమీ మాట్లాడకుండా రొట్టె పెట్టి పోతోంది. ఇంకా తినలేకపోతున్నాను, కానీ తిప్పి పంపడం లేదు.

ఆ గుమాస్తా రాయనిది నేను రాస్తున్నాను. ఈ కాగితం పారేయకు. ఎవరైనా అడిగితే చూపించు.

హన్నా విండల్, వయసు యాభై రెండు, వెథర్లీ గ్రామం. గడ్డి జడలు అల్లేది. 1817 జూలైలో రాగి చిలుము పట్టించిన ముళ్లకంచె ఆకుని తేయాకనుకుని తాగి చనిపోయింది. ఆకు కోసింది పెద్దకూతురు డోర్కాస్. చిలుము రుద్దింది చిన్నకూతురు థిర్జా. అమ్మించింది హాకిట్.

నీ సంతకం కూడా పెట్టు.

డోర్కాస్ విండల్